శుక్రవారంలోగా ఒక బాప్తిస్మం

రొట్టె పళ్ళెం నాలుగో బెంచీకి వచ్చేదాకా ఆ ఆదివారం అన్ని ఆదివారాల్లాగే నడిచింది.

నాలుగో బెంచీ చివర కొత్తమ్మాయి కుసుమ కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగు నెలల పాప. పళ్ళెం తన ముందుకు రాగానే కళ్ళు మూసుకుని, రొట్టెముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. పక్కనున్న భర్త యుగంధర్ కూడా తీసుకున్నాడు. పళ్ళెం అందిస్తున్న గోవిందరావు చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. వెనక బెంచీలో భుజంగరావు దగ్గిన దగ్గు మందిరమంతా వినిపించింది.

ఆ దగ్గుకి అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. భిలాయిలోని ఆ చిన్న తెలుగు బాప్టిస్టు సంఘంలో, నీళ్ళలో నిలువునా మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలి. కుసుమ, యుగంధర్ రేపల్లె నుంచి వచ్చి రెండు నెలలైంది. యుగంధర్ స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. వాళ్ళది లూథరన్ కుటుంబం. వాళ్ళలో బాప్తిస్మం పసితనంలోనే, తలమీద నీళ్ళు పోసి ఇచ్చేస్తారు. మన పద్ధతి వేరని వాళ్ళకి మెల్లగా చెప్పొచ్చులే అని సంఘ పెద్దలు వారం వారం వాయిదా వేస్తూ వచ్చారు.

ఆ రోజుతో వాయిదాలు అయిపోయాయి. ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటూంటే కుసుమ పాపనెత్తుకుని తిన్నగా పాస్టరు గారి దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, మా పాపకి ఈ వారం బాప్తిస్మం ఇవ్వగలరా? శుక్రవారంలోగా కావాలండీ."

చెప్పులు వెతుకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మందిరంలో పసిపిల్లకి బాప్తిస్మం ఇచ్చింది లేదు. ప్రసంగ వేదిక చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. అందులో దిగేవాడు తన నోటితో తాను "నమ్ముతున్నాను" అని చెప్పాలి. పాలు తాగే పిల్ల ఏం చెబుతుంది?

పాస్టరు గారు చిన్నగా నవ్వి, "మాట్లాడదాం తల్లీ" అన్నారు. తలుపు వేసి ఉన్న వెనకగదిలోకి ఇద్దరు పెద్దల్ని పిలిచారు.

"మునక్కుండానే రొట్టి తినీసినారు. ఇప్పుడు సంటిపిల్లకి నీళ్ళు జల్లమంటన్నారు. రేపు బెంచీలకీ, కుర్చీలకీ కూడా జల్లమంటారు," అన్నాడు భుజంగరావు. ఆయన రిటైరైన ఫోర్‌మన్. గొంతు మాత్రం రిటైరవలేదు.

"భుజంగరావు గారూ, కిందటేడు కొత్తగా వచ్చిన కుటుంబంతో మీరే మాట్లాడారు. వాళ్ళబ్బాయి ఇప్పుడు హిందీ చర్చిలో గిటారు వాయిస్తున్నాడు," అన్నారు పాస్టరు. "ఈసారి గోవిందరావు గారు వెళ్తారు. నేను సాయంత్రం బండికి విజయనగరం సభలకి వెళ్ళాలి, వచ్చేసరికి రెండు వారాలు. గోవిందరావు గారూ, మెత్తగా చెప్పండి."

"మెత్తగా అంటే ఏటండీ అయ్యగారూ?"

"వాళ్ళు నొచ్చుకోకూడదు. మన సిద్ధాంతం కదలకూడదు."

గోవిందరావు అదే ప్లాంటులో, రైల్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. ఎంత బరువైనా ఎత్తగలడు. కానీ రెండు బరువుల్ని ఒకే కొక్కేనికి తగిలించమంటే ఎలా? అయినా తలూపాడు.

శుక్రవారమే ఎందుకని ఆ గదిలో ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

* * *

సోమవారం సాయంత్రం గోవిందరావు లూనా మీద బయల్దేరాడు. వెనక భార్య జోగమ్మ, ఆవిడ ఒళ్ళో సంచి, సంచిలో తమ క్వార్టరు పెరట్లో కాసిన ఆనపకాయ.

"ఆనపకాయ ఎందుకే?"

"మీరు సెప్పీదానికి ఆ పిల్ల ఏడిస్తే, కనీసం కూరైనా మిగుల్తాది," అంది జోగమ్మ.

యుగంధర్ తలుపు తీశాడు. సన్నగా, మర్యాదగా ఉండే కుర్రాడు. ఇంట్లో ఇంకా సగం పెట్టెలు విప్పలేదు. గోడ పక్కన రెండు సూట్‌కేసులు మాత్రం సర్ది, బెల్టులు బిగించి ఉన్నాయి. గోవిందరావు వాటిని చూశాడు గానీ పట్టించుకోలేదు. అతని మనసంతా తాను చెప్పాల్సిన మాటల మీదే ఉంది. పొద్దున్నించీ క్రేను క్యాబిన్‌లో వాటిని వల్లె వేశాడు మరి.

టీ వచ్చింది. జోగమ్మ పాపని ఒళ్ళోకి తీసుకుంది.

"పేరేటమ్మా?"

"ఇంకా పెట్టలేదు పిన్నిగారూ. బాప్తిస్మం రోజున పెడతాం మాలో. అందాకా పండు అంటున్నాం," అంది కుసుమ.

గోవిందరావు ప్లాంటు గురించి మాట్లాడాడు, టౌన్‌షిప్ నీళ్ళ గురించి మాట్లాడాడు, రేపల్లెలో వానల గురించి అడిగాడు. ఇక అడగడానికేమీ మిగలక అసలు సంగతికి వచ్చాడు.

"సూడమ్మా, మీది తప్పని నానంటంనేదు. నా సంగతి సెప్తాను, ఇను. మాది ఆమదాలవలస అవతల. ఇంటిల్లిపాదీ గుళ్ళో పూజలు సేసీవోలు. ఇరవై రెండో ఏట నాను ప్రభువుని నమ్మాను. నాగావళిలో బాప్తిస్మం. మా నాన్న గట్టు మీదికొచ్చీసి నిలబడ్డాడు. 'ఆ నీళ్ళల్లోంచి లేచినావంటే నాకు కొడుకు నేడు' అన్నాడు."

కుసుమ టీ గ్లాసు కింద పెట్టింది. "మీరేం చేశారు బాబాయిగారూ?"

"లేచాను. పంతొమ్మిదేళ్ళు మాటాడనేదు. పోయినప్పుడు తలకొరివి నా సేతికి ఇవ్వనేదు, తమ్ముడు పెట్టాడు. అందుకే అంటన్నాను. బాప్తిస్మం అంటే మనిసి ఎరిగి, ఎంచుకుని, దానికయ్యే నష్టం తానే బరించాలి. ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకుంటే అది ఎలగవుతాది?"

"మీరంత పోగొట్టుకున్నాక మీతో వాదించడానికి నేనెవర్ని?" అంది కుసుమ. గొంతు మెల్లగా ఉన్నా మాట వెనక్కి తగ్గలేదు. "కానీ మాకు నేర్పింది వేరండీ. మనం దేవుణ్ణి పట్టుకోవడం కాదు బాప్తిస్మం, దేవుడు మనల్ని పట్టుకోవడం. రోడ్డు దాటేటప్పుడు చంటిది నా వేలు పట్టుకుందా లేదా అని చూడను కదా. నేనే దాని చెయ్యి పట్టుకుంటాను. దానికి తెలిసినా తెలియకపోయినా."

గోవిందరావు తడబడ్డాడు. ఇలాంటి జవాబు అతను క్యాబిన్‌లో అనుకోలేదు. దాచుకున్న మంచి మాట ఒకటుంది. దాన్ని తీశాడు. అప్పటికే జోగమ్మ అతని మోచేతి మీద గిల్లింది. ఒకసారి కాదు, రెండుసార్లు. అతను చెయ్యి పక్కకి తీసుకున్నాడు.

"తొందరేటమ్మా? పిల్ల పెరగనీ. పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో వచ్చాక తనే అడుగుతాది. అప్పుడు నానే తొట్టి నింపుతాను. అప్పటిదాకా ఆగలేమా?"

కుసుమ లేచింది. జోగమ్మ ఒళ్ళోంచి పాపని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చప్పుడైనా చేయకుండా వేసుకుంది. చప్పుడు చేసి ఉంటే గోవిందరావుకి కాస్త నయంగా ఉండేది.

"ఏటి? తప్పేటన్నాను?"

"అంకుల్, మీకు తెలియదు," అన్నాడు యుగంధర్, సూట్‌కేసుల వైపు చూస్తూ. "పండుకి గుండెలో రంధ్రం ఉంది. రెండు వారాల కిందట తెలిసింది. శుక్రవారం సాయంత్రం బండి, నాగపూర్ వెళ్ళి అక్కణ్ణించి వెల్లూరు. ఆపరేషన్ బుధవారం. పాప బరువు తక్కువ, ఏమీ గట్టిగా చెప్పలేమన్నారు డాక్టర్లు. ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ మరీ మరీ చెప్పింది. ఆడపిల్ల, గుండె జబ్బు అంటే రేపు ఎవరేమంటారో అని. లేకపోతే క్రిస్మస్‌కి రేపల్లెలోనే బాప్తిస్మం చేయించేవాళ్ళం."

పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో. గోవిందరావుకి తన మాటే చెవిలో మోగింది.

* * *

లూనా రెండు వీధులు దాటాక జోగమ్మ ఆపమంది.

"గోళ్ళు సూసినాను. నీలంగా ఉన్నాయి. పెదాలూ అలాగే. అందుకే గిల్లినాను."

"నోటితో సెప్పొచ్చు గదా!"

"మీరు మెత్తగా మాటాడతంటే మద్దిలో ఎవరు దూరగలరు?"

మంగళవారం షిఫ్టు దిగగానే పవర్ హౌస్ మార్కెట్‌లో ఎస్.టి.డి. బూత్‌కి వెళ్ళి విజయనగరం ఫోను చేశాడు. పాస్టరు గారు లైనులోకి వచ్చేసరికి పావుగంట పట్టింది. విషయమంతా చెప్పాడు.

"అయ్యో, పాపం," అన్నారు ఆయన. "కానీ గోవిందరావు గారూ, పసిపిల్లకి బాప్తిస్మం మనం ఇవ్వం. మనం నమ్మనిది నమ్మినట్టు చెయ్యడం ఆ తల్లిని మోసం చెయ్యడమే అవుతుంది. ప్రతిష్ఠ ప్రార్థన చేయండి. బిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన. నీళ్ళు లేకుండా."

నిజమే. గోవిందరావుకి ఒక్క మాటా తప్పుగా తోచలేదు. ఆ పిల్లకి నీళ్ళతో పని లేదని, అది ఎప్పుడో దేవుడి చేతిలో ఉందని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. కానీ బూత్ బయటికి రాగానే తెలిసింది. ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి ఆ ఇంట్లో పెడితే, అది అతనికే ధైర్యమిస్తుంది. కుసుమకి ఇవ్వదు.

అప్పుడొక ఉపాయం తట్టింది. మంచి ఉపాయం. సిద్ధాంతం కదలదు, ఆ పిల్ల తల్లి నొచ్చుకోదు.

లూనా తిప్పాడు. టౌన్‌షిప్‌కి ఆ చివర మలయాళీల చర్చి ఉంది. వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ళు అచ్చన్ అని పిలిచే ఫాదరు తెల్ల గడ్డం మనిషి. పోర్టికోలో కూర్చుని గోవిందరావు చెప్పిందంతా హిందీలో విన్నాడు. విని నవ్వాడు.

"అరే భాయ్, ఆప్ లోగ్ తో డుబానేవాలే హై నా?"

మీరు ముంచేవాళ్ళు కదా అని. అందులో ఎగతాళి లేదు, ఆశ్చర్యం ఉంది.

"హా, ఫాదర్. హమ్ డుబానేవాలే. లేకిన్ బచ్చీ ఛోటీ హై," అన్నాడు గోవిందరావు. ముంచేవాళ్ళమే, కానీ పిల్ల చిన్నది అని.

ఫాదరు నవ్వు మానేశాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు. ఒక్క నియమం మాత్రం ఉందన్నాడు. తల్లిదండ్రులు కాక ఇంకొకరు బిడ్డ పక్షాన నిలబడాలి. జ్ఞానతండ్రి గానీ జ్ఞానతల్లి గానీ. ఈ ఊళ్ళోనే ఉండేవాళ్ళు, రేపు ఆ బిడ్డ మంచిచెడ్డలు చూసేవాళ్ళు అయి ఉండాలి. ఎవరూ లేకపోతే తమ చర్చి మనిషినే చూస్తానన్నాడు.

పని అయిపోయిందనుకున్నాడు గోవిందరావు. ఈలవేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

* * *

బుధవారం సాయంత్రం కుసుమ అంతా విని, రెండు చేతులూ జోడించింది.

"మీరు మా కోసం వేరే చర్చి గడప తొక్కారంటే, అది చిన్న సంగతి కాదని నాకు తెలుసు బాబాయిగారూ. ఇంకోటి కూడా చెప్పాలి. ఆదివారం రొట్టె సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే తీసుకునేవాళ్ళం కాదు. మీ ఇంట్లో మీ పద్ధతి."

"సెప్పాల్సినోలం మేమే. సెప్పకపోవడం మా తప్పు," అన్నాడు గోవిందరావు. గుండె తేలికైంది. "అయితే శుక్రారం తొమ్మిదింటికి. నిలబడ్డానికి వోళ్ళ మనిసినే ఒకల్ని ఇస్తానన్నారు."

"వద్దండీ."

"ఏటి వద్దు?"

"ముక్కూ మొహం తెలియని మనిషి వద్దు. ఆయన మంచివారే కావచ్చు. కానీ సరిగ్గా బుధవారం పదింటికి, పాపని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు, ఈ ఊళ్ళో దాని కోసం మోకాళ్ళ మీద ఎవరుంటారు? నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. మనుషులు దొరకరు." కుసుమ తలెత్తి చూసింది. "మీరు నిలబడతారా?"

గోవిందరావు కుర్చీలోంచి సగం లేచాడు.

"కుసుమా," అన్నాడు యుగంధర్, "అంకుల్‌ని ఇబ్బంది పెట్టకు. ఆయన సంఘ పెద్ద."

"అడిగాను అంతేనండీ. కాదంటే కోపం రాదు. మీరు నమ్మనిది నమ్మమని అడగట్లేదు."

"రేపు సెప్తాను," అని గోవిందరావు బయటికి వచ్చేశాడు.

బిడ్డ పక్షాన నిలబడితే బిడ్డ బదులు జవాబు చెప్పాలి. 'ఈ బిడ్డ తరఫున నమ్ముతున్నావా?' అని ఫాదరు అడుగుతాడు. నమ్ముతున్నానని అతను చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం! నాగావళి నీళ్ళలో దేన్ని కాదని తండ్రిని పోగొట్టుకున్నాడో, సరిగ్గా దాన్నే ఇప్పుడు తన నోటితో చెయ్యాలి.

గురువారం ఫస్ట్ షిఫ్టు. ముప్పై అడుగుల ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని గోవిందరావు రైలు పట్టాల కట్టలు ఎత్తుతున్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు బలరాం పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నాడు. లివరు అతని చేతికిచ్చాడు గోవిందరావు. కుర్రాడు తొందరపడ్డాడు. కొక్కేనికి వేలాడుతున్న కట్ట ఊగడం మొదలెట్టింది. కింద సిగ్నల్‌మన్ ఈల ఊదాడు. కుర్రాడు కంగారుపడి క్రేనుని వెనక్కి లాగబోయాడు.

"వెనక్కి లాగకు! ఇంకా ఊగుతాది," అంటూ గోవిందరావు లివరు అందుకున్నాడు. బరువు ఎటు వెళ్తోందో అటే క్రేనుని కొంచెం జరిపాడు. సరిగ్గా దాని నెత్తి మీదికి వచ్చాక ఆపాడు. కట్ట రెండుసార్లు చిన్నగా ఊగి నిలిచింది. "అది ఎటు పోతే అటు నువ్వూ ఎల్లాలి. దాని మీదికెళ్ళి నిలబడాలి. అప్పుడే నిమ్మళిస్తాది."

"క్రేన్ దారి తప్పదా భయ్యా?"

"పట్టాలు దిగమంటన్నానేటి? పట్టాల మీదే జరగమంటన్నాను."

చెప్పాక ఆ మాట తనకే తగిలింది. సోమవారం నుంచీ ఆ అమ్మాయిని తను వెనక్కి లాగుతూనే ఉన్నాడు. మొదట మాటలతో లాగాడు. తర్వాత ఇంకో చర్చికి పంపించి లాగాడు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమన్నారు అతన్ని. మార్చుకోలేదు. గోవిందరావు అన్న పేరు తండ్రి పెట్టింది. పెట్టేటప్పుడు అడిగి పెట్టలేదు, పంతొమ్మిదేళ్ళ కోపంలోనూ వెనక్కి ఇమ్మనలేదు. తనని అడక్కుండా ఇంకొకరు ఇచ్చింది ఏదీ తనది కాదనుకుంటే, ఈ పేరు ఎవరిది?

నీళ్ళ గురించి అతని అభిప్రాయం అంగుళం కూడా కదల్లేదు. కానీ క్యాబిన్ నిచ్చెన దిగేసరికి ఏం చెయ్యాలో తెలిసింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో భుజంగరావు సైకిలుంది. జరిగింది కూరగాయల సంతలో తెలుసుకోవడానికి ఆయనకి రెండు రోజులు చాలు.

"మలయాళీ ఫాదరు దగ్గరకెల్లినావట. నిజమేనేటి?"

"నిజమే."

"రేపు నువ్వు కూడా నిలబడతన్నావా?"

"అడిగింది. ఒప్పుకుంటన్నాను."

"పదకొండుమందిని సిద్దం సేసి తొట్టిలో దింపిన సెయ్యిరా నీది! ఆ సేత్తోనే..." భుజంగరావు గొంతు తగ్గించాడు. తగ్గిస్తేనే భయమేసింది. "పాపమే, నాకూ మనవలున్నారు. కానీ జాలికి సిద్దాంతం ఒదిలీసినామంటే రేపు ఏటి మిగుల్తాది? పెద్దరికం పోద్ది నీకు. తెల్సా?"

"తెల్సు."

జోగమ్మ టీ తెచ్చింది. భుజంగరావు తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

* * *

శుక్రవారం తొమ్మిదింటికి మలయాళీల చర్చిలో ఆరుగురే ఉన్నారు. ఫాదరు, దీపాలు వెలిగించే మనిషి, కుసుమ, యుగంధర్, జోగమ్మ, గోవిందరావు. జోగమ్మ కొత్త చీర కట్టుకుంది. గోవిందరావుకి ఆ దీపాలూ తెరలూ కొత్త. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫాదరు పాపని అతని చేతుల్లో పెట్టించడంతో ఆ చిక్కు తీరింది.

తేలిగ్గా ఉంది పిల్ల. జీవితమంతా బరువులు ఎత్తినవాడికి చేతుల్లోకి రాగానే అంచనా తెలిసిపోతుంది. నాలుగు కిలోలు. అంతకు మించి లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా చిన్న పక్కటెముకలు లోపలికి వెళ్ళి వస్తున్నాయి.

ఫాదరు పుస్తకం తెరిచాడు. హిందీలో చదివాడు, కుసుమ కోసం తన వచ్చీరాని తెలుగులో మళ్ళీ చెప్పబోయి, అర్థమవుతోందని ఆమె తలూపడంతో మానుకున్నాడు. తర్వాత గోవిందరావు వైపు తిరిగి అడిగాడు. ఈ బిడ్డ తరఫున, ఈ బిడ్డకు బదులుగా, దేవుణ్ణి నమ్ముతున్నావా?

గోవిందరావు నోరు తెరిచాడు. చిన్న మాట. హా అంటే అయిపోతుంది. అతను అనలేదు.

యుగంధర్ నేల చూశాడు. జోగమ్మ కొంగు బిగించింది. కుసుమ మాత్రం కళ్ళు తిప్పకుండా గోవిందరావునే చూస్తోంది.

"ఫాదర్," అన్నాడు గోవిందరావు హిందీలో, "ఈ బిడ్డ బదులు నేను చెప్పలేను. అబద్ధమవుతుంది. నా తరఫున చెబుతాను. నేను నమ్ముతున్నాను. ఈ పిల్లని వదలను. ఇది ఇక్కడ లేనప్పుడు దీని కోసం ప్రార్థిస్తాను, ఇక్కడ ఉన్నప్పుడు దీని మంచిచెడ్డలు చూస్తాను. పెరిగాక దీనికి నేను నమ్మేది చెబుతాను, తల్లి నమ్మేదీ చెబుతాను. ఇంతకంటే నాకు చేతకాదు."

ఫాదరు పుస్తకంలోకి చూశాడు. ఆ జవాబు పుస్తకంలో లేదు. బొటనవేలు పేజీలో పెట్టి, పుస్తకం సగం మూశాడు.

"తల్లీ, నీకు ఇది సరిపోతుందా?" అని కుసుమని అడిగాడు.

"హా అనేసి మర్చిపోయేవాళ్ళని చాలామందిని చూశానండీ," అంది కుసుమ. "నాకిది చాలు."

ఫాదరు పుస్తకం తెరిచాడు. నీళ్ళు మూడుసార్లు పాప తలమీద పోశాడు. కిరణ్మయి అని పేరు చెప్పాడు. నీళ్ళు జారి గోవిందరావు చొక్కా చేతిని తడిపాయి. పాప ఉలిక్కిపడి ఏడ్చింది, ఏడుపుకి పెదాలు నీలమయ్యాయి. కుసుమ చటుక్కున అందుకుని భుజాన వేసుకుంది. వీపు రాస్తూ, మొదటిసారి, ఆ వారంలో మొదటిసారి, పైకి వినిపించేలా ఏడ్చింది.

గోవిందరావు తనలోకి తాను చూసుకున్నాడు. కొత్త నమ్మకమేదీ పుట్టలేదు. పాత నమ్మకమేదీ చెదరలేదు. చేతులకి మాత్రం ఆ నాలుగు కిలోల బరువు అంటుకుని ఉంది.

సాయంత్రం పక్క ఊరు దుర్గ్ స్టేషన్‌లో బండి కదిలేటప్పుడు జోగమ్మ కిటికీలోంచి పులిహోర పొట్లం అందించింది. "పిల్లతల్లివి, నువ్వు తిను ముందు. మీ ఆయనకి మిగిల్తే పెట్టు," అంది. కుసుమ నవ్వింది. బండి వెళ్ళిపోయింది.

* * *

ఆదివారం ఆరాధనకి ముందు వెనకగదిలో నలుగురు పెద్దలు కూర్చున్నారు. ఎవరూ అడగకముందే గోవిందరావు తనే లేచి జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు.

"ఒక్కటడుగుతాను," అన్నాడు భుజంగరావు. "ఆ నీళ్ళవల్ల పిల్లకి ఏదో అయిందని నమ్ముతన్నావా?"

"నేదు."

"మరెందుకు నిలబడ్డావు?"

"నీళ్ళని నమ్మమని ఆ అమ్మాయి అడగనేదు. తోడుండమంది. తోడుండకూడదని మన సిద్దాంతంలో ఎక్కడుందో నాకు దొరకనేదు. ఎతికినాను."

భుజంగరావు బల్ల అంచు గోటితో గీరాడు.

"నువ్వు మంచోడివే. కానీ బయట జనం ఏటి సూస్తారు? ఈ సంగం పెద్ద ఎల్లి చిలకరింపు బాప్తిస్మానికి సాచ్చిగా నిలబడ్డాడు అని సూస్తారు. రేపు మన పిల్లలు అడిగితే ఏటి సెప్పాలి? అయ్యగారొచ్చినాక ఆయన మాటే ఆకరి. అందాకా మూడు నెల్లు నువ్వు పళ్ళెం పట్టుకోకు. బల్ల దగ్గరకి రాకు."

"న్యాయమే," అన్నాడు గోవిందరావు. నిజంగానే అలా అనుకున్నాడు. అయినా ఆ సంఘంలో చేరినప్పటినుంచీ అతను ఆ బల్ల ఒక్కసారీ తప్పలేదు.

లేచి తలుపు దాకా వెళ్ళాడు.

"ఆగు," అన్నాడు భుజంగరావు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "ఆపరేషను ఏ రోజు?"

"బుధారం. పొద్దున పదింటికి."

"పదింటికా? ఫస్ట్ షిఫ్టోళ్ళు రాలేరు. నైట్ షిఫ్టోళ్ళు నిద్దర మానుకుని రావాలి." భుజంగరావు మిగతా ఇద్దరు పెద్దల వైపు చూశాడు. వాళ్ళు తలూపారు. "ఆడోళ్ళందరూ వస్తారు. తొమ్మిదింటికే మొదలెడదాం, కబురొచ్చీదాకా లేవొద్దు. నువ్వూ రా."

"నాను బల్లకి దూరం గదా?"

"బల్లకి దూరం. మోకాళ్ళకి దూరమని నానన్నానేటి?" అని కసిరాడు భుజంగరావు. "లీవు పెట్టి రా. ఆ పిల్ల ఎంతుంటాదో ఎత్తుకున్నోడివి నువ్వే. ప్రార్థన నువ్వే మొదలెట్టాలి."

బయట మెట్ల మీద జోగమ్మ నిలబడి ఉంది. చెప్పులు కూడా విడవలేదు.

"ఏటన్నారు?"

"మూడు నెల్లు."

జోగమ్మ నిట్టూర్చింది. "మరి బుధారం?"

"అందరూ వస్తారట," అన్నాడు గోవిందరావు. లోపల మొదటి పాట ఎత్తుకున్నారు. అతను చెప్పులు విడిచి, భార్య వెనకాలే వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు.